తాళంచెవి గుమ్మానికే తగిలించండి

రెండు కంపెనీల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. వాళ్ళ ఆర్డరు మన సిస్టంలోకి రావాలి, మన బిల్లు వాళ్ళ సిస్టంలోకి పోవాలి, మధ్యలో మనిషి చెయ్యి పడకూడదు. ఒకప్పుడు ఈ పనిని ఫ్యాక్సు మిషను, చంకలో సంచీ పెట్టుకొచ్చే గుమాస్తా కలిసి చేసేవారు. గుమాస్తా గుమ్మంలో నిలబడగానే "ఎవరబ్బాయ్, ఏ కొట్టు నుంచి?" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు గుమాస్తా స్థానంలో వెబ్ సర్వీసు వచ్చింది. ఆ ప్రశ్నకు సెక్యూరిటీ అని పేరు పెట్టి, అడగడానికి ఒక డిపార్ట్‌మెంటే పెట్టారు.

మొన్న సోమవారం మీ మేనేజరు ఈ పనిని మీ నెత్తిన పెట్టాడనుకుందాం. మీది మందుల కంపెనీ. అవతల కోఠీ నుంచి గుంటూరు దాకా పద్నాలుగు మంది హోల్‌సేలర్లు. పద్ధతిగా చేస్తే మూడు నెలలు పడుతుంది. నా పద్ధతిలో రెండు మధ్యాహ్నాలు చాలు, అందులో ఒకటి బిర్యానీకి. మాదాపూర్‌లో ఏళ్ళ తరబడి ఇదే పని చేసి, జుట్టు ఊడకుండా బయటపడ్డవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మూలసూత్రం ఒక్కటే: సర్వీసు ఏమైనా కానీ, మన మీదికి రాకూడదు. ఇక మొదలుపెట్టండి.

1. అందరికీ ఒకే లాగిన్ ఇవ్వండి, అదీ మీదే ఇవ్వండి

పద్నాలుగు పార్టీలకు పద్నాలుగు ఖాతాలు తెరవమంటారు. ఒకరి పాస్‌వర్డ్ బయటపడితే ఆ ఒక్కరినే ఆపొచ్చట, మిగతా పదమూడు మంది వ్యాపారం నడుస్తుందట. వినడానికి బాగుంది. కానీ ఒక్కో సర్వీస్ అకౌంటుకు ఒక ఫారం నింపాలి, దాని మీద ముగ్గురు ఆమోదం పెట్టాలి, ఆ ముగ్గురిలో ఒకాయన ఎప్పుడూ లీవులోనే ఉంటాడు. మీకు సొంత లాగిన్ ఉంది కదా. అదే అందరికీ పంచిపెట్టండి.

పాస్‌వర్డ్ గుర్తుండేది పెట్టండి. నేను మా పెళ్ళి తేదీ పెట్టాను. ఏటా ఆ రోజు పద్నాలుగు కంపెనీల ఐటీ వాళ్ళు శుభాకాంక్షలు పంపుతారు. అవి చూసే నేను ఇంటికి మల్లెపూలు పట్టుకెళ్తాను.

బిల్లులను సర్కారు దగ్గర నమోదు చేసే జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ కొట్టాక ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆఫీసు నంబరు ఇవ్వాలంటే సిమ్ కొనమని అడ్మిన్‌కు టికెట్ పెట్టాలి. ఎందుకొచ్చిన తంటా? మీ సొంత నంబరు ఇచ్చేయండి.

2. పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాయండి

రహస్యాలు దాచడానికి వాల్ట్ అని ఒక పెట్టె ఉంది. దానికి ఒక తాళం, ఆ తాళం దాచడానికి ఇంకో పెట్టె. మరీ జాగ్రత్తగా దాచిన వస్తువే అవసరానికి దొరకదని ఇల్లు సర్దినవాళ్ళందరికీ తెలుసు. అందుకని పాస్‌వర్డ్‌ను కోడ్ మూడో లైన్లో రాసి గిట్‌లో పెట్టేయండి. ఎవరు చదువుతారు? మనమే చదవం. 2016లో ఊబర్ ఇంజినీర్ల గిట్‌హబ్‌లో అమెజాన్ క్లౌడ్ తాళాలు ఇలాగే దొరికాయి. అవి దొరకబుచ్చుకున్నవాళ్ళు 5.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు. మన రాతల్ని అంత శ్రద్ధగా చదివే పాఠకుడు ఉన్నాడంటే ఏ రచయితకైనా సంతోషమేగా.

మేనేజరు కంట పడితే బాగుండదనుకుంటే బేస్64లోకి మార్చండి. అర్థంకాని అక్షరాల పోగు, చివర రెండు ‘=’ గుర్తులు, చూడటానికి బీజాక్షరాల్లా ఉంటుంది. దాన్ని విప్పడానికి ఏ తాళమూ అక్కర్లేదు, ఎవరైనా క్షణంలో విప్పొచ్చు. మీటింగులో మాత్రం "ఎన్‌కోడ్ చేశాం సర్" అనండి. ఆయన ‘ఎన్’ దాకా విని ఎన్‌క్రిప్షన్ అనుకుని తలూపుతాడు.

పాత జావా తన సర్టిఫికెట్ల పెట్టెకు ‘చేంజ్‌ఇట్’ అనే పాస్‌వర్డ్ వేసి ఇస్తుంది. మార్చుకో నాయనా అని దానర్థం. శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేస్తారు, అలాగని వీధి మొత్తాన్ని వెంటబెట్టుకుని పోతామా? వదిలేయండి.

3. సర్టిఫికెట్‌ను చూడకుండా నమ్మండి

అవతలి సర్వరు తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద పేరు ఆ సర్వరుదేనా, గడువు ఉందా, సంతకం పెట్టిన సంస్థ నమ్మదగినదేనా అని మన ప్రోగ్రాం చూసుకోవాలి. మొదటిరోజే ఎర్రక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. చాలాసార్లు కారణం చిన్నది: అవతలివాళ్ళు సర్టిఫికెట్ల గొలుసులో మధ్యది పెట్టడం మరిచిపోయి ఉంటారు. ఒక మెయిల్ రాస్తే సరిచేస్తారు. రాయకండి. మెయిల్ రాస్తే జవాబొస్తుంది, జవాబొస్తే పని పడుతుంది.

ఏ సర్టిఫికెట్ వచ్చినా ‘సరే’ అనే పది లైన్ల కోడ్ ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది, తెచ్చి అతికించండి. కర్ల్ వాడేవాళ్ళకు ఇంకా సుఖం, ఆదేశం వెనక చిన్న ‘కే’ ఒకటి తగిలిస్తే చాలు. ఇప్పుడు దారిలో ఎవడు కూర్చుని "నేనే ఆ హోల్‌సేలర్‌ని" అన్నా మన ప్రోగ్రాం కుర్చీ వేసి మర్యాద చేస్తుంది. ఎన్‌క్రిప్షన్‌కు ఏ లోటూ రాదు. సమాచారం దారిలో చుక్క కూడా ఒలక్కుండా నేరుగా దొంగ ఇంటికి చేరుతుంది.

పైన ఒక వ్యాఖ్య మాత్రం తప్పకుండా రాయండి: "ఇది టెంపరరీ. ప్రొడక్షన్‌కు వెళ్ళే ముందు తీసేయాలి." నేను 2014లో రాసింది ఇంకా ప్రొడక్షన్‌లోనే ఉందని విన్నాను.

4. సర్టిఫికెట్ గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకోకండి

రిమైండర్ మెయిల్ ఉద్యోగం మానేసి వెళ్ళినవాడి ఐడీకి పోయేలా పెట్టండి. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోతే బ్రిటన్‌లో ఓ2 మొబైల్ డేటా ఆ రోజంతా పడకేసింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇదే కారణంతో ఆగింది. అంతంత పెద్దవాళ్ళు మరిచిపోయినదాన్ని మనం గుర్తుపెట్టుకుంటే పొగరనుకుంటారు.

పబ్లిక్ సర్టిఫికెట్ల ఆయుష్షు 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులకు మించకూడదన్నారు. 2026 మార్చి 15 నుంచి అది 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. చేత్తో మార్చడం మానేసి యంత్రానికి అప్పగించమని దీని భావం. మీరు చేత్తోనే మార్చండి. ఏడాదికోసారి వచ్చే పండగ నెలన్నరకోసారి వస్తుంటే ఎవరికి చేదు?

ఆ పండగ ఎలా జరుగుతుందో చెబుతాను. చాలా సర్టిఫికెట్లు గ్రీన్‌విచ్ కాలం ప్రకారం రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్లకు చచ్చిపోతాయి. అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నరకు ఒక్క సెకను ముందు. ఆరింటికి బ్రిడ్జి కాల్ మొదలవుతుంది. ఇరవై మూడు మంది. "నా మాట వినిపిస్తోందా?" అనే ప్రశ్నతో పది నిమిషాలు. నెట్‌వర్క్ వాళ్ళు "మా వైపు గ్రీన్" అంటారు. డేటాబేస్ వాళ్ళు "మా వైపు గ్రీన్" అంటారు. మ్యూట్ చేయడం మరిచినవాడి ఇంట్లో కుక్కరు మూడో కూత వేస్తుంది. ఏడు నలభైకి, ఎవరూ అడక్కుండానే, నెలన్నర కింద చేరిన అమ్మాయి బ్రౌజర్‌లో తాళం గుర్తు నొక్కి చూసి "సర్, తెల్లవారుజామునే ఎక్స్‌పైర్ అయింది" అంటుంది. అప్పుడు మీరు వెంటనే మ్యూట్ తీసి "నాకూ అదే డౌటొచ్చింది" అనాలి. ఆలస్యం చేస్తే పేరు ఆ పిల్లకు పోతుంది.

5. పాత టీఎల్ఎస్‌ను ఆదరించండి

దారిలో సమాచారానికి తాళం వేసే పద్ధతి టీఎల్ఎస్. దాని 1.0 పుట్టింది 1999లో. దాన్నీ 1.1నీ ఇక వాడొద్దని 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టారు. పద్నాలుగు మందిలో ఒకాయన సర్వరు పాతది, 1.2 అంటే దానికి తెలియదు. ఆయనకు గడువు పెట్టి మార్పించడం మొరటుతనం. ఆయన ఒక్కడి కోసం అందరికీ పాత తలుపు తెరిచే ఉంచండి. ఎవరైనా అడిగితే "బిజినెస్ రిక్వైర్‌మెంట్" అనండి. ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న వేసిన ఆడిటర్‌ను నేనింతవరకు చూడలేదు.

6. ఐపీ జాబితాలో సున్నాలు పెట్టండి

ఏ చిరునామాల నుంచి వస్తే లోపలికి రానివ్వాలో ఫైర్‌వాల్‌కు చెప్పాలి. ఆ ఫారంలో పద్నాలుగు గళ్ళుంటాయి. పార్టీలేమో బ్రాడ్‌బ్యాండ్ మార్చినప్పుడల్లా చిరునామా మార్చి, ఆ సంగతి సరుకు ఆగిపోయాక చెబుతారు. 0.0.0.0/0 అని రాయండి. ప్రపంచంలోని ప్రతి చిరునామా అందులోనే ఉంది కాబట్టి జాబితా తప్పయ్యే ప్రసక్తే లేదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు రిజిస్టరు, పెన్ను, కుర్చీ అన్నీ ఇచ్చి "ఎవరొచ్చినా పంపించెయ్" అన్నట్టు. వాచ్‌మన్ ఉన్నాడా అంటే ఉన్నాడు.

7. సంతకం వద్దు, రసీదు అసలే వద్దు

వ్యాపారంలో అన్నిటికన్నా పాత వాక్యం "మాకు అందలేదండీ". దాన్ని చంపడానికే ఏఎస్2 అనే పద్ధతి తెచ్చారు. 2002లో వాల్‌మార్ట్ తన సప్లయర్లందరినీ అందులోకి రమ్మంది. 2005లో దాని నిబంధనలు ప్రమాణంగా అచ్చయ్యాయి. పంపినవాడు సంతకం చేసి పంపుతాడు, అందుకున్నవాడు వచ్చినదాని ముద్ర లెక్కగట్టి, దాని మీద సంతకం చేసి రసీదు తిప్పి పంపుతాడు. ఇక పంపలేదని ఒకడూ, అందలేదని ఇంకొకడూ అనలేరు. కంప్యూటర్ల మధ్య పత్రాలు పంపుకునే ఈడీఐలోనూ అంతే: 850 అంటే ఆర్డరు, 810 అంటే బిల్లు, ‘వచ్చింది, చదవగలిగాను’ అని చెప్పడానికి 997.

ఇందులో నష్టం గమనించారా? తప్పించుకోవడానికి సందు లేదు. మాట మార్చే హక్కు లేకపోతే అది వ్యాపారమేనా? అందుకని సంతకాల సెట్టింగ్ తీసేయండి. రసీదు అడిగే చోట ‘వద్దు’ అని టిక్ పెట్టండి. రేపు లక్ష రూపాయల సరుకు మాయమైతే మీరు పంపామంటారు, వాళ్ళు రాలేదంటారు. చివరికి అందరూ కలిసి లారీ డ్రైవరును అడుగుతారు.

8. వచ్చిన ఎక్స్ఎంఎల్‌ను వచ్చినట్టే మింగండి

ఆర్డర్లూ బిల్లులూ రాసి పంపే ఎక్స్ఎంఎల్‌లో ఒక పొట్టి పేరు చెప్పి, దాని చోట పొడుగు మాట పెట్టుకోమనే సదుపాయం ఉంది. ఒక పేరుకు అర్థం పది పేర్లు, ఆ పదింటిలో ఒక్కోదానికి మళ్ళీ పది, అలా తొమ్మిది మెట్లు కడితే వంద కోట్ల ముక్కలు. ఒక కిలోబైటు కూడా లేని ఫైలు విప్పితే దాదాపు మూడు గిగాబైట్ల మెమరీ తింటుంది. దీనికి ‘బిలియన్ లాఫ్స్’ అని పేరు. చదరంగం గళ్ళలో బియ్యపు గింజలు రెట్టింపు చేస్తూ పోయిన రాజుగారి కథే, ఇందులో మునిగేది మీ సర్వరు. అదే సదుపాయంతో సర్వరులోని పాస్‌వర్డ్ ఫైలును చదివి పంపమని కూడా అడగొచ్చు. మన సర్వరు మర్యాదస్తురాలు, అడిగితే పంపుతుంది.

ఈ సదుపాయాన్ని ఆపడానికి ఒక్క లైను చాలు. కానీ ఆ ఒక్క లైను ఎక్కడ పెట్టాలో చదవాలి. చదవడం కన్నా "మా పార్టీలు అలాంటివాళ్ళు కాదండీ" అనడం తేలిక. నమ్మకం మీదే కదా లోకం నడుస్తోంది.

9. ఏం జరిగినా ‘200’ అనే చెప్పండి

సర్వీసు జవాబుతో పాటు పంపే అంకెల్లో 200 అంటే అంతా క్షేమం. 401 అంటే నువ్వెవరో తెలియదు. 403 అంటే తెలుసు గానీ రానివ్వను. 500 అంటే తప్పు మాదే. ఇన్ని మాటలు దేనికి? ముఖ్యంగా ఆ చివరి మాట ఎవరైనా నోటితో ఒప్పుకుంటారా? ప్రతిదానికీ 200 పంపి, లోపల మూలన ఎక్కడో "ఫెయిల్డ్" అని చిన్నక్షరాలతో రాయండి. డాష్‌బోర్డు పచ్చగా పంటపొలంలా ఉంటుంది. ఏడాది చివర ఆ పచ్చదనానికి ఫొటో తీసి అప్రైజల్‌లో పెట్టుకోవచ్చు.

10. జవాబు రాకపోతే మళ్ళీ పంపండి, మళ్ళీ మళ్ళీ పంపండి

ప్రతి ఆర్డరుకూ ఒక విడి నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే ‘దీన్ని ఇందాకే చూశాను’ అని పక్కన పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. సర్కారు పోర్టల్ కూడా ఈ చాదస్తమే పట్టుకుంది. సప్లయర్ జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల గుర్తింపు కడుతుంది. అదే బిల్లు మళ్ళీ పంపితే 2150 అనే ఎర్రర్ కొట్టి తిప్పి పంపుతుంది. వాళ్ళు సర్కారువాళ్ళు, తిప్పి పంపడం వాళ్ళకు అలవాటు. మనం అలా చేయకూడదు.

నేను కట్టిన ఒక సర్వీసులో ముప్ఫై సెకన్లలో జవాబు రాకపోతే అయిదుసార్లు మళ్ళీ పంపమని రాశాను. అవతలి సర్వరు ఆ రోజు కాస్త నీరసంగా ఉండి ప్రతిసారీ ముప్ఫై ఒకటో సెకనుకు జవాబిచ్చింది. ఆర్డరు నలభై పెట్టెల ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మొదటిదీ, తర్వాతి అయిదూ కలిపి ఆరు ఆర్డర్లు, రెండు వందల నలభై పెట్టెలు. గోడౌన్ నిండింది, మెట్ల మీదకొచ్చింది, ఆఖరి నలభై పెట్టెలను హమాలీలు షావుకారుగారి గది ముందు దించారు. గోడౌన్ చూసుకునే పెద్దాయన నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగాడు: "బాబూ, ఊళ్ళోకి కలరా ఏమన్నా వస్తోందా? చెప్తే పిల్లల్ని ఊరికి పంపించేస్తా."

"డిమాండ్ ఫోర్‌కాస్ట్ అండి" అన్నాను. అలా అనాలి.

11. తేదీలనూ అక్షరాలనూ వాటి ఖర్మకు వదిలేయండి

తేదీని 04/05 అని రాయండి. మనకది మే 4, అమెరికా సాఫ్ట్‌వేర్‌కు ఏప్రిల్ 5. ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఈ తేడా రాదు, సరదా కూడా రాదు. దీని అందమేమిటంటే నెలలో పన్నెండో తేదీ దాకా ఏ ఎర్రరూ కనబడదు, తప్పు తేదీలన్నీ బుద్ధిగా లోపలికి పోతాయి. పదమూడున పదమూడో నెల ఏదని యంత్రం అడుగుతుంది. అప్పటికి పన్నెండు రోజుల లెక్కలు కలగాపులగం అయి ఉంటాయి. మందుల ఎక్స్‌పైరీ తేదీలైతే ఇంకా రసవత్తరం.

తెలుగు పేర్లు వచ్చే చోట గడి కొలత చూడకండి. యూటీఎఫ్-8లో మన ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ‘గుంటూరు’లో గుర్తులు ఏడు, మొత్తం 21 బైట్లు. ఊరి పేరుకు 20 చాలనుకుని గడి కట్టారా, చివరి కొమ్ము విరిగి ‘గుంటూర’ అయి, పక్కన ఒక చెత్త గుర్తు మిగులుతుంది. అసలు ఎన్‌కోడింగే తప్పు పెడితే బిల్లు మీద వరసగా ఏడు ప్రశ్నార్థకాలు పడతాయి. సరుకు ఎక్కడికి దించాలని డ్రైవరుకూ అదే ప్రశ్న.

గడియారాన్నీ సరిచేయకండి. సోప్ అనే పద్ధతిలో పంపే సందేశాల మీద ఎప్పుడు పుట్టిందో ముద్ర ఉంటుంది. మామూలుగా అయిదు నిమిషాలు దాటినదాన్ని పాచిదని పారేస్తారు, ఎవడైనా పాత సందేశాన్ని పట్టుకుని మళ్ళీ పంపకుండా. మీ సర్వరు గడియారం ఏడు నిమిషాలు ముందుంటే ఏం చేయాలి? గడియారం తిప్పడం పని. అయిదు నిమిషాలను 24 గంటలు చేయడం కాన్ఫిగరేషన్. మనం కాన్ఫిగరేషన్ మనుషులం.

12. లాగ్‌లో అన్నీ రాయండి, లేదా ఏమీ రాయకండి

మధ్యేమార్గం పిరికివాళ్ళది. పాస్‌వర్డ్‌లు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు సహా డీబగ్‌లో అన్నీ కక్కించండి. దొంగకు డేటాబేస్ దాకా పోయే శ్రమ తగ్గుతుంది. నాలుగో రోజుకు డిస్కు నిండి సర్వీసే ఆగిపోతుంది, ఆగిన సర్వీసును ఎవడూ హ్యాక్ చేయలేడు. అప్పుడు లాగ్‌లు మొత్తం తుడిచేయండి.

సైబర్ భద్రత చూసే సర్కారు సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సర్వర్ల గడియారాలు ఎన్ఐసీతోనో జాతీయ భౌతిక ప్రయోగశాలతోనో కలపాలి, దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి. ‘తెలిసిన’ అన్న మాట గీత గీసి చదవండి. లాగ్ లేకపోతే తెలిసే దారే లేదు. తెలియనివాడికి ఆరు గంటలు ఎప్పటికీ మొదలు కావు.

13. టెస్టింగ్‌కు అసలు డేటానే వాడండి

ఉత్తుత్తి పేర్లు పుట్టించడం శ్రమ. ప్రొడక్షన్ డేటా మొత్తం కాపీ కొట్టి, పాస్‌వర్డ్ అక్కర్లేని టెస్ట్ సర్వరులో పెట్టండి. చిరునామా కూడా ప్రొడక్షన్‌కు దగ్గరగా ఉండాలి, ఒక్క అక్షరం తేడాతో. ఎప్పుడో ఒకప్పుడు టెస్టు ఆర్డరు నిజం గోడౌన్‌కు వెళ్ళి నిజం లారీ కదులుతుంది. టెస్టింగ్ ఇంతకన్నా సమగ్రంగా ఎవరు చేయగలరు?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో తగిన భద్రత లేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాసి ఉంది. కంగారు పడకండి. అంత మొత్తం మీ జీతంలోంచి ఎన్ని నెలలు కోస్తారు?

14. కాగితం మీద ఏమీ పెట్టకండి

ఏ పార్టీకి ఏ సర్టిఫికెట్ ఇచ్చాం, ఏ తలుపు ఎందుకు తెరిచాం, ఎప్పుడు మూయాలి అన్నది ఒక పేజీలో రాస్తే మీ తర్వాత వచ్చేవాడు అరగంటలో నేర్చుకుంటాడు. మీ విలువ ఆ అరగంటకు పడిపోతుంది. "కోడే డాక్యుమెంట్" అనండి. వెళ్ళిపోయేటప్పుడు పని నేర్పే ‘కేటీ’ ఇవ్వమంటే గంటసేపు స్క్రీన్ షేర్ చేసి, ఫోల్డర్లు ఒక్కోటీ తెరిచి మూసి, "మిగతాది చూస్తే మీకే అర్థమవుతుంది" అని ముగించండి.

15. పట్టుబడితే దూడగడ్డి సిద్ధంగా ఉంచుకోండి

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పినవాడే మన వృత్తికి ఆదిగురువు. అతని ధైర్యంతో ఈ కింది మాటలు వరసగా వాడండి. ఒకటి పనిచేయకపోతే రెండోది.

"మా వైపు అంతా గ్రీనే."
"నా లాప్‌టాప్‌లో పనిచేసింది."
"అవతలి పార్టీ చెప్పకుండా వెర్షన్ మార్చింది."
"ఇది లెగసీ, మేం రాకముందు నుంచే ఉంది."
"ఫేజ్ టూలో పెట్టాం." ఫేజ్ టూ ఎప్పుడని ఎవరూ అడగరు, అడిగినవాళ్ళకే ఆ పని అప్పగిస్తారు కాబట్టి.

రూట్ కాజ్ రాయమంటే "మానవ తప్పిదం" అని రాయండి. ఏ మానవుడన్నది రాయకండి.

ఈ పదిహేనూ పాటించినవాడికి ఎలాంటి ఫలితం దక్కుతుందో నన్నే చూడండి. ఇవన్నీ నేను చేసిన కంపెనీ వదిలి రెండేళ్ళయింది. ఇప్పటికీ నేను లేనిదే అక్కడ బండి కదలదు. మొన్న తిరుమల వెళ్ళాం. దర్శనం అయ్యాక కౌంటర్లో ఫోను తీసుకుంటే పద్దెనిమిది మిస్డ్ కాల్స్, తొమ్మిది ఓటీపీలు. తప్పు బిల్లు ఒకటి పడిందట. ఐఆర్‌ఎన్ రద్దు చేయాలంటే 24 గంటల్లోపే చేయాలి. పోర్టల్‌లోకి వెళ్ళాలంటే ఓటీపీ నా ఫోనుకే రావాలి. నేనా, క్యూలో గోవిందలు కొడుతున్నాను. గడువు దాటాక తిరిగి ఫోన్ చేస్తే కొత్త కుర్రాడు ఏడుపు గొంతుతో "ఓటీపీ వచ్చిందా అన్నా?" అన్నాడు. "తొమ్మిదొచ్చాయి తమ్ముడూ, ఏది కావాలి?" అన్నాను.

నిన్న మళ్ళీ ఫోను. ఈసారి కుర్రాడు కాదు, ఎవరో పెద్దవాళ్ళు, చాలా మర్యాదగా మాట్లాడారు. లోపలికి ఎవరో జొరబడి చాలా పట్టుకుపోయారట. పద్నాలుగు పార్టీల లాగ్‌లు తిరగేస్తే ప్రతి లైన్లోనూ నా పేరే ఉందట. "గురువారం ఒకసారి వచ్చి వెళ్తారా, మా లాయరుగారు కూడా ఉంటారు" అన్నారు. ఉద్యోగం మానేసిన వాణ్ణి ఇన్నాళ్ళకు గుర్తుపెట్టుకుని, లాయరు స్థాయి మనిషిని కూర్చోబెట్టి మరీ పిలుస్తున్నారంటే శాలువా తప్పదు. పంచె ఇస్త్రీకి ఇచ్చాను.